లక్క సీలు

ఒరిజినలేనా సార్, ఒరిజినలేనా సార్, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఫోనుకి ఇదొక్కటే కూత, నేనేమన్నా పెట్టెలోకి దూరి చూసి వచ్చేవాణ్ణా, ఒకాయన నాణేల సెట్టు ఫోటో పంపిస్తాడు, అందులో సెట్టు కంటే ఆయన లుంగీ గళ్ళే బాగా కనిపిస్తాయి, ఇంకొకాయన ట్యూబులైటు కింద పెట్టి తీస్తాడు, తెల్లటి మెరుపు తప్ప ఏమీ కనపడదు, కొంచెం చూసి చెప్పండి సార్ ఆన్‌లైన్లో కొన్నాను అంటాడు, కొనే ముందు అడగడు, కొన్నాక అడుగుతాడు, అదీ సీలు తీయకుండా చెప్పాలి, సీలు తీస్తే సెట్టు విలువ పోయినట్టే, తీయకపోతే లోపల ఉన్నవి సర్కారు మింటులో కొట్టిన నాణేలో మేకులో ఆ దేవుడికే తెలియాలి, అయినా చెబుతాను, అట్ట మీద అచ్చు చూస్తాను, కవరు అతుకు చూస్తాను, జిగురు పచ్చబడిందా లేదా చూస్తాను, ఇలా చెప్పి చెప్పి ఉత్తరాంధ్ర నాణేల మిత్రులు అనే వాట్సాప్ గుంపులో రాబిన్ మాస్టారు అవునంటే అసలు, కాదంటే నకిలీ అనే దాకా వచ్చింది, అరకు హైస్కూల్లో నా దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలు కూడా నా మాట అంతగా నమ్మరు, ఆ తీర్పులు చెప్పే మనిషి ఈ శుక్రవారం సంతలో పిడి ఊడిన కూరల కత్తి పాత పేపర్లో చుట్టి పట్టుకుని అల్లం బస్తాలకీ పర్యాటకుల సెల్ఫీ కర్రలకీ మధ్య నలిగిపోతున్నాడు, జరగండమ్మా కత్తి ఉంది అంటే ఒకమ్మాయి నవ్వి కత్తిని కూడా ఫోటో తీసుకుంది.

కత్తి ఫ్లోరెన్స్ ఇచ్చింది, ఇచ్చింది అనడం కంటే బల్ల మీద విసిరింది అనాలి, ఏటండీ, ముందు దీనికి పిడి ఏయించుకు రండి, తీర్పులు తర్వాత సెబుదురు గాని అంది, పొద్దున్నుంచి నా భార్య నాతో మాట్లాడింది ఆ ఒక్క మాటే, కాఫీ గ్లాసు కూడా మాట లేకుండానే పెట్టింది, ఎందుకంటే ఈసారి తీర్పు తేజ మీద, తేజ ఆమె సొంత తమ్ముడు, కాఫీ పొడి కొట్టు పైన గదిలో కూర్చుని ఆన్‌లైన్లో సీలు వేసిన నాణేల సెట్లు అమ్ముకుంటాడు, ఆ పిచ్చి వాడికి అంటించింది నేనే, ఎనభై రెండులో ఢిల్లీ ఆటల పోటీలప్పుడు మింటు వాళ్ళు వేసిన సెట్టు ఒకటి ఎక్కడో సంపాదించి నర్సీపట్నం సత్యనారాయణ గారికి అమ్మాడు, ఆయన పార్శిలు విప్పి, దీని మీద లక్క సీలు ఏదీ, ఎనభై రెండు సెట్టుకి మింటు వాళ్ళు ఎర్ర లక్కతో సీలు వేస్తారని రాబిన్ మాస్టారు రాశారు కదా అని గుంపులో పెట్టారు, ఇక చూడు, దొంగ సరుకు అని ఒకడు, ఏజెన్సీ మోసం అని ఒకడు, కొండ మీద నుంచి కొంటే ఇంతే అని ఇంకొకడు, తలా ఒక రాయి, గుంపు నడిపే దేవీప్రసాద్ గారు విశాఖ నుంచి మర్యాదగానే రాశారు, రాబిన్ గారూ, సాయంత్రంలోగా మీ మాట చెప్పండి, మీరు నకిలీ అంటే తేజని తీసేసి అన్ని గుంపులకీ తెలియజేస్తాం అని, అన్ని గుంపులకీ అంటే వాడి పని ఇవాళ్టితో సరి, వాడి దగ్గర ఇక ఎవరూ చింతపండు కూడా కొనరు, ఏం చెయ్యను, బావమరిది కదా అని అసలుదే అనేస్తే రేపు నా మాటకి ఏం విలువ, లక్క లేదు, లేనిది లేదు, నాకు కోపం వాడి మీద కూడా కాదు, ఉన్నమాట అనబోతే నన్నే దొంగని చూసినట్టు చూసే మా ఇంటి మీద.

నా దగ్గర ఉంది కదా లక్క సీలు, ఉన్నదాన్ని లేదంటానా, మా నాన్న తెప్పించిన సెట్టు అది, ముంచింగిపుట్టులో అటవీ సరుకు కొనే డిపోలో గుమాస్తా మా నాన్న విశ్వాసం, బొంబాయి మింటుకి ఉత్తరం రాసి పోస్టులో తెప్పించాడు, నాకు అప్పుడు పదేళ్ళు, నెలల తరబడి పోస్టుమేన్ కనబడితే చాలు వెంటపడేవాణ్ణి, చివరికి ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి నాన్నే పెట్టె తెచ్చి చేతిలో పెట్టాడు, నీలం అట్టపెట్టె, మూత అంచున ఎర్రటి లక్క, నాన్న కుడి బొటనవేలికి పసుపు రాసిన గుడ్డ చుట్టి ఉంది, ఏటయింది నాన్నా అంటే కాటా రాయి పడింది లేరా అన్నాడు, పడకుండా ఎలా ఉంటుంది, చింతపండు, విస్తళ్ళు కుట్టే అడ్డాకు, కొండచీపుళ్ళు, లక్క, కొండ మీది సరుకంతా ఆయన కాటా మీదే తూగాలి, సీలు మాత్రం తియ్యకురా, సీలున్నంత కాలమే దీనికి ఇలవ అన్నాడు, తియ్యలేదు, పెళ్ళయ్యాక తియ్యలేదు, నాన్న పోయాక తియ్యలేదు, బిస్కెట్ల డబ్బాలో కలరా ఉండల మధ్య పెట్టి కాపాడాను, అంటే ఊళ్ళో అందరి నాణేల మీదా తీర్పులు చెప్పే నేను నా పెట్టెలోని నాణేలని ఒక్కసారి కూడా చూడలేదు, ఫ్లోరెన్స్ ఈ సంగతి చెప్పి చర్చి బయట ఆడవాళ్ళని నవ్విస్తుంది, నవ్వనీ, సీలు చూస్తే చాలదా, ఆ లక్క మీద సన్నటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి వంపు తిరిగి, కరెన్సీ నోటు మీద దొంగలు దించలేని గీతలుంటాయే అలాంటివి, పెద్దది చేసి ఫోటో తీసి, మింటు గీతలు అని పేరు పెట్టి గుంపులో పెట్టాను, సమాంతర వక్రరేఖలు అని లెక్కల భాషలో వివరించాను కూడా, జనం దండాలు పెట్టారు, అప్పటి నుంచి ఎనభై రెండు సెట్టు ఎవరు చూపించినా లక్క లేదు, గీతలు లేవు, విజయనగరం వాళ్ళది నకిలీ, శ్రీకాకుళం డాక్టరు గారిది నకిలీ, ఈ దేశంలో ఇంత మోసం ఉందా అని నాకే విసుగు పుట్టింది.

బావా, ఇక్కడున్నావేటి, అదుగో వచ్చాడు తేజ, హెల్మెట్ మోచేతికి తగిలించుకుని, కళ్ళు ఎర్రగా, పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేడు, ముందు ఏదన్నా తినరా అన్నాను, తిండి సంగతి ఒగ్గీ బావా, నువ్వు ఏటి రాత్తావో సెప్పు, నాను నకిలీ సరుకు అమ్ముతానేటి, అచ్చు సరిగ్గా ఉంది, అట్ట సరిగ్గా ఉంది, కవరు అతుకు కూడా తెగనేదు, ఇయన్నీ సూడాలని నువ్వే కదా నేర్పినావు, నేర్పాను, మరి లక్క ఏదిరా, లక్క ఎక్కడా నేదు బావా, నెట్టంతా ఎతికేను, ఎవులి సెట్టుకీ నేదు, నీ ఒక్కడి దగ్గరే ఉంది, అదే కదరా నేననేది, అసలుది నా ఒక్కడి దగ్గరే ఉంది, వాడు నన్ను కాసేపు అలా చూశాడు, బోర్డు మీద నేను లెక్క తప్పు వేసినప్పుడు ముందు బెంచీ పిల్లలు చూసే చూపు, చెప్పాలా వద్దా అని, చివరికి చెప్పేశాడు, నువ్వు పట్టిన కుందేలికి మూడే కాళ్ళు బావా, అని అక్కడే ఎవరిదో అల్లం బస్తా మీద కూలబడ్డాడు, దొంగ అనిపించీసుకున్నాక ఇంక ఎవులు కొంటారు బావా, ఎల్లుండి ఆదివారం మా అమ్మ చర్చికెల్తే జనం ఏటడుగుతారో నీకు తెలుసా, నాకు తెలుసు, తెలిసే కదా పొద్దున్నుంచి ఈ చిరాకు, పోనీ వదిలేద్దామంటే నా మాట మీద ఎంతమంది సెట్లు వెనక్కి పంపేశారు, వాళ్ళకేం చెప్పను, ఒరే నిజం నా చేతిలో ఉందట్రా, పెట్టెలో ఉంది అన్నాను, అయితే ఇప్పు బావా అన్నాడు, ఇప్పితే ఇంకేం మిగులుతుందిరా వెధవా అని సంతంతా వినబడేలా అరిచాను, బస్తా తాలూకు ముసలమ్మ అల్లం నలిగిపోతుంది లెగవండి అని మా ఇద్దరినీ కలిపి తిట్టింది.

కత్తులకి పిడులేసే సుక్రుకి మాత్రం ఈ గొడవేదీ పట్టలేదు, నా చేతిలోంచి కత్తి తీసుకుని, పిడిలోకి దిగే దాని తోక నిప్పుల్లో పెట్టి, ఇంకో చేత్తో లక్క కర్ర తిప్పుతున్నాడు, లక్క కరిగి బుడగలు కట్టింది, వాసన, కొంచెం బెల్లం మాడినట్టు, కొంచెం గుగ్గిలం పొగలా, ఈ వాసన నాకు తెలుసు, ఇది డిపో వాసన, సంత రోజు సాయంత్రం మూటల పురికొస ముళ్ళ మీద లక్క కార్చి నాన్న ఇత్తడి ముద్ర కొట్టేవాడు, నేను పక్కన గొంతుక్కూర్చుని చూసేవాణ్ణి, ఎండాకాలం బీరువా తీస్తే బిస్కెట్ల డబ్బాలోంచి కలరా ఉండల వాసన కింద సన్నగా ఇదే, ఇదే, కాదు, లక్క ఎక్కడైనా లక్కే, మింటు వాళ్ళు మాత్రం లక్క ఎక్కడ కొంటారు, ఏదో కొండ మీదే కొంటారు, ముంచింగిపుట్టు లక్కే బొంబాయి పోయి సీలై తిరిగొచ్చి ఉండొచ్చు, ఎందుకు ఉండకూడదు, సుక్రు పిడి బొక్కలో లక్క నింపి, ఎర్రగా కాలిన తోక అందులోకి దిగ్గొట్టాడు, బయటికి పొంగిన లక్క గట్టిపడేలోపు బొటనవేలు నీళ్ళ చిప్పలో ముంచి గట్టిగా ఒక్క నొక్కు నొక్కాడు, సల్లారనీ బాబూ, అప్పుడే ముట్టుకోకు అన్నాడు, నేను ముట్టుకోలేదు, వంగి చూశాను, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను, ఎర్రటి లక్క మీద సన్నటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, వంపు తిరిగి, సమాంతర వక్రరేఖలు, వంకాయలు కోసుకునే కత్తి మీద మింటు గీతలు.

బండి తియ్యరా, బేగి ఇంటికి పద అన్నాను, ఏటయింది బావా, ఏమీ కాలేదు, పద, దారి పొడుగునా పసుపుపచ్చటి వలిసె పూల చేలు, వాటి ముందు కార్లు ఆపుకుని రోడ్డు మూసేసిన జనం, ఒకడు రోడ్డు మధ్య భార్యని నిలబెట్టి చెయ్యి ఇలా పెట్టు అలా పెట్టు అని, హారన్ కొట్టరా, ఇంకా కొట్టు, వేలిముద్ర అయితే మాత్రం ఏమిటి, మింటులో ఎవడో గుమాస్తా వేలు పెట్టి ఉండొచ్చు, బొంబాయిలో మాత్రం గుమాస్తాలు ఉండరా, వాళ్ళకి వేళ్ళు ఉండవా, నాన్న వేలికి గుడ్డ, కాటా రాయి పడితే గోరు నల్లబడాలి, నల్లబడలేదు, గుడ్డ మార్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను, వేలి లోపలి వైపు నీళ్ళ బొబ్బ, రాయి పడితే బొబ్బ ఎలా వస్తుంది, పదేళ్ళవాడికి తట్టలేదు సరే, ఇన్నేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినవాడికి తట్టొద్దా, ఇంకొకటి, దెబోరా, మా చెల్లెలు, అప్పటికి అయిదేళ్ళ గుంట, పెట్టె వచ్చిన మర్నాడే అంది, అన్నయ్యా నీ పెట్టెలో మెట్ల మీద పొద్దు ఉంది కదా అని, సీలు వేసిన పెట్టెలో ఏముందో నీకెలా తెలుసే అబద్ధాలకోరూ అని నెత్తి మీద మొట్టాను, ఏడ్చుకుంటూ పోయి నాన్న వెనక దాక్కుంది, నాన్న దాని తల నిమిరాడు, నన్ను ఏమీ అనలేదు, దాన్నీ ఏమీ అనలేదు, ఎనభై రెండు నాణెం బొమ్మ తర్వాత నెట్లో ఎన్నిసార్లు చూశాను, మెట్లు మెట్లుగా ఒక కట్టడం, దాని మీద సూర్యుడు, చూసిన ప్రతిసారీ అంచు చూశాను, అచ్చు చూశాను, ఆ పిల్ల మాట మాత్రం ఒక్కసారి గుర్తు రాలేదు, కొట్టరా హారన్.

ఫ్లోరెన్స్ తలుపు తీసి కత్తేదండీ అంది, కత్తి, కత్తి సుక్రు దగ్గరే సల్లారుతోంది, ఓలమ్మ, కత్తికెల్లి కత్తి ఒగ్గీసి వచ్చీసేరా అంటూనే తమ్ముడి మొహం చూసి ఆగిపోయింది, డబ్బా తీశాను, భూతద్దం తీశాను, తీసి పెట్టె మీద పెట్టకుండా ముందు దెబోరాకి ఫోను చేశాను, కొయ్యూరులో దానికి సిగ్నలు దొరకాలంటే మిద్దె ఎక్కాలి, ఎక్కు అన్నాను, ఏటన్నయ్యా ఇంత కంగారు, ఎవులికి ఏటయింది, ఎవరికీ ఏమీ కాలేదు, నా పెట్టెలో మెట్ల మీద పొద్దు నువ్వెప్పుడు చూశావు, వెధవ సిగ్నలు పోయిందనుకున్నాను, పోలేదు, నవ్వుతోంది, ఇన్నాల్లకి అడిగేవా అన్నయ్యా, నానే ఇప్పీసేను, పోస్టులో వచ్చింది నాన్న బల్ల మీదెట్టి కాల్లు కడుక్కోడానికెల్లేడు, నాను లోపలి కవరు పర్రుమని సింపీసేను, ఓ బిల్ల దొర్లుకుంటూ బియ్యం డబ్బా కిందికెల్లిపోయింది, నాన్న సీపురుపుల్లతో తీసి, తుడిసి, మల్లీ సర్దీసేడు, అన్నయ్య సూత్తే నన్ను సంపీత్తాడని ఏడిసేను, నిన్నెవులూ కొట్టరు గాని నువ్వు సెప్పకు అనీసి డిపో నించి లక్క తెచ్చేడు, ఇత్తడి ముద్ర ఏత్తే డిపో పేరు పడిపోతాది కదా, అందుకని ఏలెట్టి నొక్కీసేడు, తడుపుకోడం మర్సిపోయేడు, అబ్బా అన్నాడు, ఆ అబ్బా నాకిప్పటికీ ఇనబడతాది, సెప్పకన్నాడు గాని నాను మర్నాడే సెప్పీసేను, నువ్వే నమ్మనేదు, మొట్టేవు, గుర్తుందా, గుర్తుంది, ఇవాళే గుర్తొచ్చింది అన్నాను, ఫోను స్పీకర్లో ఉంది, ఫ్లోరెన్స్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో తెలియలేదు, తేజ గుమ్మంలో హెల్మెట్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

రాయడానికి కూర్చుంటే ఇన్నాళ్ళూ టకటకా తీర్పులు కొట్టిన వేళ్ళు కదలవే, తేజ అమ్మిన సెట్టు అసలుది, మింటు వాళ్ళు ఈ సెట్టుకి లక్క వేయరు, ఆ మాట తప్పు, తప్పు నాది, నేను నకిలీ అన్న ఎనభై రెండో సంవత్సరం సెట్లన్నీ మళ్ళీ చూడాలి, సత్యనారాయణ గారూ మీ సెట్టు భద్రంగా ఉంచుకోండి అని రాసి, రెండోసారి చదివితే చెరిపేస్తానని భయపడి పంపించేశాను, నా ఫోను చూడకుండానే తేజకి తెలిసిపోయింది, వాడి జేబులో ఫోను మోగడం మొదలుపెట్టింది, చదువుకుని గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు, ఫ్లోరెన్స్ వాడి ముందు అన్నం కంచం పెట్టింది, నా ముందు కూడా పెట్టింది, చప్పుడు చెయ్యకుండా పెట్టింది.

మళ్ళీ ఫోను కూత, ఈసారి ఒరిజినలేనా కాదు, దేవీప్రసాద్ గారు, మరి మీ పెట్టె మీద ఉన్న ఆ సీలు ఎవరిది సార్ అని, భూతద్దం అప్పుడు పెట్టాను, గీతలు ఒక పక్క చెదిరిపోయి ఉన్నాయి, కాలి చటుక్కున వేలు లాక్కున్న చోటు, దాన్ని కూడా మింటు వాళ్ళ రహస్య గుర్తు అని రాశాను నేను, మా ఇంట్లో సంతకం పెట్టిన మొదటివాడు నాన్న, డిపోలో రోజంతా జనం బొటనవేళ్ళు పట్టుకుని సిరా అద్ది కాగితం మీద నొక్కించేవాడు, తను మాత్రం విశ్వాసం అని పొడుగ్గా రాసి కింద గీత గీసేవాడు, పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయాక బ్యాంకులో వేలిముద్ర వెయ్యి తాతా అంటే నాను సంతకం సేసే మనిషిని అని ఎడమ చేత్తో పూటంతా కూర్చుని రాశాడు, పక్కన నిలబడి విసుక్కున్నాను నేను, వేలు పెట్టేస్తే పోయేదానికి ఎందుకు నాన్నా ఇంత పట్టుదల అని, పెట్టలేదు, ఆధార్ రాకముందే పోయాడు, బైబిలు మొదటి పేజీలో సంతకం ఉంది, నా మార్కుల పుస్తకాల మీద సంతకం ఉంది, ఫ్లోరెన్స్ వచ్చి పక్కన నిలబడి, ఇప్పుడైనా ఇప్పి సూత్తారేటండీ అని మెల్లగా అడిగింది, వద్దు, లోపల మెట్ల మీద పొద్దు ఉంది, దెబోరా చూసింది చాలు, నా బొటనవేలు ఆ లక్క మీద ఆనించాను, నా వేలి కంటే ఆయన వేలు వెడల్పు, అంచు ఇంకా మిగిలింది, నాన్న ఈ లోకంలో వేసిన వేలిముద్ర ఇదొక్కటే, అది కూడా చెల్లెల్ని నేను కొట్టకుండా ఉండాలని వేసింది.